గజ్జెల చప్పుడు లేని గద్దర్

మొన్న ఇల్లు సర్దుతూ అటకమీద ఉన్న అట్టపెట్టె నొకదాన్ని కిందికి దించాను. లోపల కాసెట్లు. ఘంటసాల, బాలమురళి, ఎవరో వినమని ఇచ్చి మరిచిపోయిన గజళ్ళు, అన్నిటికన్నా అడుగున పదకొండు గద్దర్ కాసెట్లు. వాటిలో రెండింటికి బూజు పట్టింది. ఒకదాని టేపు తెగి లోపలే ముడిపడిపోయింది. మిగిలిన ఎనిమిదీ వినాలంటే టేప్ రికార్డరు కావాలి కదా! ఇంట్లో ఉన్నదాని బెల్టు ఎప్పుడో సాగిపోయింది. తార్నాకలో దాన్ని బాగుచేసే మనిషి దొరకలేదు. సికిందరాబాదులో ఒక పెద్దాయన చేతిలో పెట్టి, వారం రోజులు తిరిగితే గాని పని కాలేదు.

ఆ తర్వాత మూడు రాత్రులు వరుసగా విన్నాను. వాటికి తోడుగా ఆయన సినిమాల్లో పాడినవీ, చివరి ఏళ్ళలో టీవీ స్టూడియోల్లో పాడినవీ కంప్యూటరులో వెతుక్కుని విన్నాను. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూశాక వచ్చిన వ్యాసాలు చాలానే చదివాను. విప్లవకారుడన్నారు, ప్రజా యుద్ధనౌక అన్నారు. దారి తప్పాడని కొందరన్నారు, దారి వెతుక్కున్నాడని మరికొందరన్నారు. అదంతా ఉండవలసిందే. కాని ఒక గాయకుడిగా, రికార్డుమీద మిగిలిపోయిన గొంతుగా ఆయన్ని తూచి చూసినవి నా కంట పడినవి బహు తక్కువ. ఏ సినిమా గాయకుడు పోయినా మొదటి పాట మొదలుకొని చివరి పాటదాకా లెక్కలు తీసి మంచిచెడ్డలు విచారిస్తామే, నాలుగు దశాబ్దాలకు పైగా పాడిన ఈయనకు ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు? నాకు తోచిన మాట చెబుతాను. అంగీకరించకపోతే వాదించండి.

ముందు ఈ చోటు సంగతి కొంత చెప్పాలి. మాణికేశ్వర్ నగర్ అంటే పోల్చుకోనివాళ్ళకు వడ్డెర బస్తీ అంటే తెలుస్తుంది. ఒకవైపు రైలు పట్టాలూ, ఆర్ట్స్ కాలేజీ స్టేషనూ. మరోవైపు ఉస్మానియా ప్రాంగణం. రాయి కొట్టి బతికిన కుటుంబాల బస్తీ ఇది. 1939లో ప్రారంభమైన ఆ ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని చూసినప్పుడల్లా, అంత రాయి చెక్కిన చేతులు ఎవరివని నాకు అనిపిస్తుంటుంది. 1988లో పరిశోధక విద్యార్థిగా నేనిక్కడ ఒక గది అద్దెకు తీసుకున్నప్పుడు, ఇంటి యజమాని నల్లగొండ వైపునుంచి వచ్చిన వడ్డెర పెద్దాయన. ఆయన దగ్గర ఒక టూ ఇన్ వన్ ఉండేది. సాయంత్రం చేతులు కడుక్కుని, దానిమీద కప్పిన తువ్వాలు మడిచి పక్కన పెట్టి, మీట నొక్కేవారు. అప్పటికి గద్దర్ అజ్ఞాతంలో ఉన్నారు. పాట మాత్రం ఈ గల్లీలో ఉంది.

ఒకనాడు 'బండెనక బండి కట్టి' వస్తుంటే నేను ఉత్సాహపడి, గద్దర్ ఎంత గొప్పగా రాశాడు తాతా అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "రాసింది గద్దరు గాదు బిడ్డా. గొంతు గద్దరుది. పాట మా నాయినలది" అన్నారు.

ఆ మాట నన్ను చాలా కాలం వెంటాడింది. నిజమే, అది తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. 'ఊరు మనదిరా' గూడ అంజయ్యది. ఆయన 2016లో వెళ్ళిపోయారు. ఈ రెండు పాటలనూ గద్దర్ పాటలనే చెప్పుకునేవాళ్ళు ఇవాళ్టికీ కోకొల్లలు. అలా చెప్పుకోవడం ఆ కవులకు అన్యాయం, సందేహం లేదు. కాని ఒక గాయకుడి అంచనాలో ఈ పొరపాటుకు అర్థం వేరు. ఇంకొకరి పాటను ఆయన పాడితే, పాట పుట్టుక మరుగునపడి ఆయన గొంతే దానికి చిరునామా అయిపోయింది. అది బలమూ, ప్రమాదమూ కూడా.

ఆ బలం ఏమిటో మొదటిసారి స్పష్టంగా పట్టుకున్నది 'మా భూమి'. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన సినిమా, బి. నర్సింగరావు నిర్మాత, 1980లో విడుదలైంది. సంగీతం వింజమూరి సీతది. అందులో గొంగడి భుజాన వేసుకుని గద్దర్ స్వయంగా తెరమీద కనిపించి ఆ పాట పాడతారు. ఇప్పుడు మళ్ళీ వింటే నన్ను ఆశ్చర్యపరిచింది ఆ గొంతులోని ఆవేశం కాదు, ఆగడం. నిజామును ఉద్దేశించిన ఆ ప్రశ్నను తిట్టులాగా కాకుండా నింపాదిగా, కాస్త ఎగతాళిగా, ఒక పెద్దమనిషి లెక్క అడిగినట్టుగా అడుగుతారు. వాద్యం దాదాపు లేదు. పై స్థాయికి వెళ్ళినప్పుడు గొంతు చీలుతుందేమో అనిపిస్తుంది, చీలదు. శాస్త్రీయ సంగీతం తెలిసిన నా మిత్రుడొకడు దీన్ని 'నాభినుంచి కాదు, పొలంగట్టునుంచి వచ్చిన గొంతు' అనేవాడు. ఒక గట్టునుంచి ఇంకో గట్టుకు వినబడేట్టు పిలిచే పిలుపు అది. మైకు ఎదురుగా ఉన్నా ఆయన మైకుతో మాట్లాడరు, అవతలి గట్టుతో మాట్లాడతారు.

ఇది గాలిలోంచి ఊడిపడినది కాదు. గుమ్మడి విఠల్ ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదువు మొదలుపెట్టి మధ్యలో వదిలిన యువకుడు. అప్పటికే బుర్రకథలు చెప్పేవాడు. నర్సింగరావు 'ఆర్ట్ లవర్స్' సంస్థలోకి తీసుకువచ్చి, జనం కోసం ఎందుకు రాయకూడదని అడగడం, అలా వచ్చిన తొలి పాటల్లో ఒకటి రిక్షా తొక్కేవాడి గురించి కావడం, తొలి పాటల పుస్తకానికి పెట్టిన గదర్ పార్టీ పేరే మనిషి పేరుగా స్థిరపడడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఆ తర్వాత కెనరా బ్యాంకులో ఉద్యోగమూ చేశారు, 1984లో వదిలేశారు. నాకు ముఖ్యమనిపించేది బుర్రకథ. బుర్రకథలో కథకుడు ఒంటరివాడు కాడు. పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు, ఇద్దరూ 'తందాన' అందుకుంటారు. కథకుడి మాటకు బదులు వచ్చేది వాళ్ళనుంచే. గద్దర్ ఎన్నడూ ఆ అలవాటు మానలేదు. ఆయన పంక్తి ఎప్పుడూ సగమే. మిగతా సగం పక్కవాళ్ళది.

అందుకే నా మొదటి తీర్పు: గద్దర్ రికార్డుల్లో ఉత్తమమైనవి స్టూడియోలో చేసినవి కావు, సభల్లో ఎవరో ఒడిలో టేప్ రికార్డరు పెట్టుకుని పట్టుకున్నవి.

నా ఎనిమిది కాసెట్లలో అయిదు ఆ జాతివే. అట్టమీద అచ్చు లేదు. బాల్‌పెన్నుతో 'గ' అన్న ఒక్క అక్షరం, అంతే. వెనక ఎవరో దగ్గుతుంటారు, పిల్ల ఏడుస్తుంటుంది, మైకు కూతపెడుతుంది. పాట మొదలు కాకముందు మాట. పాట మధ్యలో ఆపి మాట. ఊళ్ళో నీళ్ళ గురించో, కరెంటు గురించో, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మతోనో సంభాషణ, ఆ సంభాషణే ఎప్పుడు రాగమెత్తుకుందో తెలియకుండా చరణమైపోవడం. ఆ మలుపు వినాలి మీరు! మాట పాటగా మారే ఆ క్షణంలో గద్దర్‌ను మించినవాడిని నేను తెలుగులో వినలేదు. అచ్చువేసి అమ్మిన కాసెట్లలో ఆ మాటలన్నీ కత్తిరించేశారు. పాటలు మిగిలాయి, మలుపులు పోయాయి.

అమెరికాలో 1933లో జాన్ లోమాక్స్, కొడుకు అలన్ కలిసి ఒక బరువైన యంత్రాన్ని కారులో వేసుకుని లూసియానాలోని అంగోలా జైలుకు వెళ్ళి, అక్కడ ఖైదీగా ఉన్న లెడ్‌బెల్లీ పాటలను పట్టుకున్నారు. అవి వాళ్ళ కాంగ్రెస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మన దగ్గర యంత్రం జనం చేతిలోనే ఉంది. కాని కాసెట్టుకు ఒక శాపం ఉంది. ఒకదానినుంచి ఒకటి కాపీ చేసేకొద్దీ సన్నని ధ్వనులు ముందు చచ్చిపోతాయి, బుసబుస పెరుగుతుంది. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ. గద్దర్ కాసెట్టులో మొట్టమొదట పోయేది గజ్జెల చప్పుడు. ఆ తర్వాత సకారాలు పోతాయి. డప్పు చివరిదాకా మిగులుతుంది. నా దగ్గరున్న ఒక కాసెట్టులో గజ్జెలు ఇంకా వినిపిస్తున్నాయి, అంటే అది అసలుకు చాలా దగ్గరదన్నమాట. మరొకదానిలో అదే పాట, గజ్జె లేదు. రెండూ పక్కపక్కన విని చూశాను. గజ్జె లేని దాంట్లో పాట నిలబడి ఉపన్యాసం చెబుతున్నట్టుంది. గజ్జె ఉన్న దాంట్లో మనిషి కదులుతున్నాడు, దగ్గరికి వస్తున్నాడు, పక్కకు తిరుగుతున్నాడు. పాటలో ఏ మాట నొక్కాలో ఆయన కాలు నిర్ణయించేది.

1990 ఫిబ్రవరిలో, అజ్ఞాతం వీడి బయటికి వచ్చాక, నిజాం కాలేజీ మైదానంలో సభ జరిగింది. లక్షలమంది అన్నారు, లెక్కపెట్టినవాళ్ళెవరు? తాతా నేనూ కలిసే వెళ్ళాం. వేదిక కనబడలేదు. మనిషి కనబడలేదు. గొంతు మాత్రం వచ్చింది. పల్లవి ముందు వరసలు అందుకుని, అది వెనక్కి మా దాకా వచ్చేసరికి ఒక్క క్షణం ఆలస్యమయ్యేది. అంటే మేము పాడేటప్పటికి ముందువాళ్ళు తర్వాతి పంక్తిలో ఉండేవాళ్ళు. గజిబిజి కావాలి నిజానికి. కాలేదు. ఆయన ఆ ఆలస్యాన్ని గమనించి పంక్తికీ పంక్తికీ నడుమ ఖాళీ పెంచారు. ఇంత పెద్ద గుంపుకు తాళం వేయడం ఏ సంగీత కళాశాలలో నేర్పుతారు?

ఇక నా రెండో తీర్పు కొందరికి నచ్చకపోవచ్చు. గద్దర్ గొప్ప గాయకుడైంది కవాతు పాటల వల్ల కాదు. ఎర్రజెండా పాటలు, లాల్ సలాములు, వీరులకు జోహార్లు... వీటిలో ఆవేశం ఉంది, నిజాయితీ ఉంది. కాని ఇప్పుడు వరుసగా వింటే ఒకదానినుంచి ఇంకొకదాన్ని విడదీయడం కష్టం. ఆ సందర్భం దాటిన తర్వాత వాటి గొంతు బిగుసుకుపోయింది. నిలిచినవి వేరు. పట్నంలో ఉన్న కొడుక్కి జాగ్రత్తలు చెప్పే 'భద్రం కొడుకో'. నర్సింగరావు 1983 నాటి 'రంగుల కల'లో ఇది ఉంది. సిరిమల్లె చెట్టుకింద కూర్చున్న లచ్చుమమ్మ పాట. కారంచేడు తర్వాత కట్టిన 'దళిత పులులమ్మా'లో కూడా నన్ను పట్టుకున్నది గర్జన కాదు, ఆ 'అమ్మా' అన్న చోట గొంతు వంగడం.

ఈ పాటల్లో ఆయన ఆడవాళ్ళ ఏడుపు బాణీ తీసుకున్నారు. చావింట్లో పేరు పెట్టి పిలుస్తూ, చేసిన మేలు తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారే, ఆ బాణీ. నాట్లేసేటప్పుడు వంగి పాడే పాటల నడక. గడ్డమూ గొంగడీ ఉన్న మొరటు మనిషి ఆ బాణీలోకి దిగినప్పుడు గొంతు సన్నబడదు, ఆడగొంతును అనుకరించదు; తన బరువుతోనే దిగుతుంది. లచ్చుమమ్మ పాటలో గద్దర్ ఆమెను ఓదార్చరు. ఎందుకు కూర్చున్నావని అడుగుతూ ఉంటారు. అడిగిన ప్రతిసారీ ఆ పిలుపు కొంచెం కింది స్వరంలో పడుతుంది. నేను మూడు రాత్రులూ ఈ పాట దగ్గరే ఎక్కువసేపు ఆగాను.

సినిమా సంగతికి వస్తాను. 1995లో దాసరి 'ఒరేయ్ రిక్షా'లో 'మల్లెతీగకు పందిరివోలె' గద్దర్ రచన, వందేమాతరం శ్రీనివాస్ గానం. అద్భుతంగా పాడాడాయన, నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ రచనకు నంది పురస్కారం వస్తే గద్దర్ తిరస్కరించారు. (ఇప్పుడు ఆ ప్రభుత్వ సినిమా పురస్కారాలకే ఆయన పేరు పెట్టి, 2025 జూన్‌లో ఇచ్చారు కూడా. విధి విలాసం అనాలా!) నా బాధ వేరు. ఆ పాట ఇవాళ పెళ్ళిళ్ళలో, రాఖీ పండుగలో మోగుతుంటుంది. మంచిదే. కాని పాట వెనక వాద్యబృందం పరుచుకున్నాక, అన్న చెల్లెలికిచ్చే మాట అందంగా తయారైంది, మాటలోని గరుకుదనం పోయింది. గద్దర్ ఒక్కరే, డోలకుతో ఆ పాట పాడినది నా కాసెట్టులో ఉంది. అందులో అన్న వాగ్దానం చేస్తున్నట్టుండదు, చేయలేకపోయినదానికి సంజాయిషీ చెప్పుకుంటున్నట్టుంటుంది. ఒకే పాట, రెండు అర్థాలు. జనానికి మిగిలింది ఒకటే.

1997 ఏప్రిల్ 6న వెంకటాపురంలోని ఇంట్లో ఆయనమీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా వెన్నులోనే ఉండిపోయింది. ఆ తర్వాతి రికార్డుల్లో పంక్తులు పొట్టివయ్యాయి, ఊపిరి తీసుకునే చోట్లు పెరిగాయి. దాన్ని లోపమనను. 'అమ్మా తెలంగాణమా' వినండి. ఆ చిన్న చిన్న పంక్తుల్లోనే దాని బలం ఉంది. లోపం మరొకటి. 2000 తర్వాత టీవీ స్టూడియోలు వచ్చాయి. కీబోర్డు వచ్చింది. పక్కన వంతలు పోయి ఎదురుగా యాంకరు వచ్చి కూర్చున్నారు. అడిగిన ప్రతివాళ్ళకూ అవే అయిదారు పాటలు, అవే రెండు చరణాలు, చప్పట్లు. చాలా కార్యక్రమాల్లో ఆయన తన్ను తాను అనుకరించుకున్నారు. ప్రేమతోనే అంటున్నాను, వాటిని ఒక్కసారి వింటే చాలు. జవాబిచ్చే గుంపు లేనప్పుడు ఆ గొంతు రెండు సగాలూ తానే పాడబోయి అలిసిపోయింది.

ఒక్క మినహాయింపు ఉంది. 2011లో ఎన్. శంకర్ తీసిన 'జై బోలో తెలంగాణ', చక్రి సంగీతం, 'పొడుస్తున్న పొద్దు మీద'. స్టూడియో పాటే. వాద్యాల హంగు బాగానే ఉంది. నా మొదటి తీర్పు ప్రకారం ఇది తేలిపోవాలి. తేలలేదు! కారణం ఆలోచించాను. అరవై దాటిన గొంతు అది. పైకి వెళ్ళడానికి పాతకాలపు దూకుడు లేదు; మెట్టు మెట్టుగా ఎక్కుతుంది, ఎక్కిన చోట కాస్త నిలబడుతుంది. ఆ పాట బయటికి వచ్చే నాటికి ఈ ప్రాంగణం ఏడాదికి పైగా ఉడుకుతోంది. 2009 డిసెంబరు నుంచీ లాఠీలు, బాష్పవాయువు, మూసిన గేట్లు. బాష్పవాయువు మా బస్తీలోకి వస్తే తడిగుడ్డలు పట్టుకుని తలుపులు వేసుకున్న రాత్రులున్నాయి. ఆ పాటకు గుంపు ముందే తయారై ఉంది. ఆర్ట్స్ కాలేజీ ముందు పిల్లలు లౌడ్‌స్పీకరులో పెట్టి, పంక్తి పంక్తికీ తామే వంత పాడేవాళ్ళు. స్టూడియోలో ఖాళీగా మిగిలిన సగాన్ని బయటివాళ్ళు పూరించారు. కాబట్టి నా మొదటి తీర్పును ఈ పాట కొట్టివేయదు అనుకుంటాను. మీరేమంటారో.

ఇదంతా ఫోనులో చెబితే ఒక మిత్రుడు మండిపడ్డాడు. "ఆయన 2018లో మొదటిసారి ఓటు వేయడం, గుళ్ళకు వెళ్ళడం, పార్టీ పెట్టడం, ఇవన్నీ వదిలేసి గజ్జెల గురించి రాస్తావా?" అని. వదిలేయలేదు. వాటి గురించి రాసేవాళ్ళు ఉన్నారు. ఆ చర్చ పదేళ్ళ తర్వాతా చేసుకోవచ్చు, కాగితాలు ఎక్కడికీ పోవు. టేపు ఆగదు. మా పెట్టెలో మూడు ఇప్పటికే పోయాయి. ఇలాంటి పెట్టెలు కరీంనగర్‌లో, సిద్దిపేటలో, విశాఖలో ఎన్ని ఇళ్ళ అటకలమీద ఉన్నాయో. స్మారకాల గురించి, విగ్రహాల గురించి మాట్లాడే పెద్దలు ఒక మనిషిని, ఒక మంచి టేప్ డెక్కును, ఒక కంప్యూటరును ఇచ్చి ఊళ్ళు తిప్పితే ఎంత ఖర్చవుతుంది? సభల్లో పట్టుకున్న ఆ గరుకు రికార్డులను, మాటలు కత్తిరించకుండా, దగ్గుల్ని తుడవకుండా, వంతపాడినవాళ్ళ పేర్లు కనుక్కుని రాసి ఉంచాలి. నా కాసెట్లలో ఒక స్త్రీ గొంతు వెనకనుంచి వస్తుంది, ఎంత చక్కటి గొంతు! ఆమె ఎవరో అట్టమీద లేదు.

తాత 2004లో పోయారు. టూ ఇన్ వన్ వాళ్ళబ్బాయి తీసుకున్నాడు, ఈ కాసెట్లు నాకు మిగిలాయి. లచ్చుమమ్మ పాట ఉన్నది ఆయన కాసెట్టే. ఆ రికార్డు చేసినవాళ్ళకు టేపు అయిపోతున్నట్టు తెలియలేదేమో, మూడో చరణం నడుమ ఒకవైపు అయిపోతుంది. రెండోవైపు తిప్పి పెడితే పాట నాలుగు మాటల అవతల మొదలవుతుంది. తాత ఆ పాట కూనిరాగం తీసేటప్పుడు కూడా ఆ చోట ఆగేవారు, కాసెట్టు తిప్పేంత సేపు, మళ్ళీ అవతలినుంచి అందుకునేవారు. మొన్న రాత్రి వంటింట్లో నేనూ అక్కడే ఆగాను.